ప్రభావతి ఆగిన చోట

"శనివారం ఆ పాట స్టేజీ మీద వినపడిందా, నేనే వచ్చి మైకు వైరు పీకేస్తాను," అంది ఉమ.

కూతురు కీర్తిక కుర్చీలో కాళ్ళు పైకి ముడుచుకుని కూర్చుంది.

టేబుల్ మీద దోసకాయ పప్పు చల్లారి గట్టిపడింది. మూడు కంచాలూ బోర్లించినవి బోర్లించినట్టే ఉన్నాయి. ఆదివారం ఒంటిగంట దాటిందంటే సింగపూర్‌లో, యీషున్‌లోని ఆ పదకొండో అంతస్తు ఫ్లాట్‌లో ఈపాటికి భోజనాలైపోయి, ఉమ భర్త సీతారామారావు కునుకు తీస్తూ ఉండాలి. ఇవాళ ఆయన వంటింటి కిటికీ దగ్గర నిలబడి, బట్టలు ఆరేసిన వెదురు గడలను ఒక్కొక్కటే లోపలికి లాగుతున్నాడు. బట్టలింకా తడిగానే ఉన్నాయి. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు.

"మా అమ్మ పాట. మా అమ్మ నోట్లో పాట. ఆ ఐర్లండ్ ఆయన నోట్లోకి ఎలా వచ్చింది?"

"నేనే ఇచ్చానని వందసార్లు చెప్పాను కదమ్మా. దొంగతనం కాదు లా," అంది కీర్తిక, మాట చివర సింగపూర్‌వాళ్ళ 'లా' తగిలించి. " రికార్డు మీద అమ్మమ్మ పేరు వేశారు. ప్రభావతి అని. ఫిన్‌బార్ పేరుకంటే ముందు."

"పేరు ఎవరిక్కావాలి?"

"మరి నీకేం కావాలి?"

ఉమ పప్పు గిన్నె మీద మూత పెట్టింది.

శుక్రవారం సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ రైల్లో విన్నది ఆ పాట. కూతురు బేస్ గిటార్ వాయించిన మొదటి రికార్డు. సీటు దొరక్కపోయినా లెక్కచెయ్యకుండా, తలుపు పక్కన ఒదిగి నిలబడి చెవుల్లో పెట్టుకుంది. వయసు మీరిన మగ గొంతు ఒకటి ఇంగ్లీషులో ఏదో రేవు గురించి, రాని పడవ గురించి గొణుక్కుంటూ పోయింది. పైన గిటారు రంపంలా కోసింది. కింద కీర్తిక వేళ్ళు గుండె కొట్టుకున్నట్టు కొట్టాయి. పక్కన నిలబడ్డ చీనా ఆవిడ వంక ఉమ గర్వంగా చూసింది కూడా.

సరిగ్గా పాట నడిమధ్యలో, అదే మగ గొంతు తెలుగులో ఎత్తుకుంది.

*వంగిన నడుమెప్పుడెత్తుదాం వదినా...*

మరుక్షణం అదే గొంతు తనకు తానే బదులు చెప్పుకుంది.

*గట్టు చేరేదాకా వదినా, గట్టు చేరేదాకా.*

ఉమ దిగాల్సిన స్టేషను దాటిపోయింది.

"తప్పు పాడాడు ఆయన," అంది ఇప్పుడు.

"తప్పా? రెండు నెలలు కూర్చోబెట్టి నేర్పాను. 'వదినా' అనడానికే రెండు వారాలు పట్టింది."

"పలకడం కాదే నేననేది. ఎత్తిన మనిషే వంత పాడేశాడు."

"సో?"

ఆ ఒక్క ముక్కతో ఉమకి ఒళ్ళు మండింది. "సో ఏంటే? ఊడ్పుల్లో ఒకావిడ ఎత్తుతుంది. వెనకున్న ముఠా అంతా అందుకుంటుంది. ఎత్తినావిడ తన వంత తను పాడుకోదు. నడుం విరిగినా పాడుకోదు. అలా పాడుకుందంటే ఆ మనిషికి ముఠా లేదని, పక్కన తోడు లేదని. మా అమ్మ ఎత్తితే పధ్నాలుగు మంది అందుకునేవాళ్ళు. పక్క ఊరి చేలల్లో వాళ్ళు చేతులాపి వినేవాళ్ళు. అలాంటి మనిషిని మీరందరూ కలిసి దిక్కులేనిదాన్ని చేసి కూర్చోబెట్టారు."

"నాకెలా తెలుస్తుందమ్మా? నేను ఊడ్పులు చూశానా? అమ్మమ్మ ఇక్కడ నాకు పాడినప్పుడు రెండూ తనే పాడింది."

కిటికీ దగ్గర సీతారామారావు చెయ్యి గడ మీదే ఆగిపోయింది.

ఉమ గ్లాసులో నీళ్ళు పోసుకుంది. తాగలేదు.

అప్పుడు బయట ఇనప గేటు చప్పుడైంది.

"ఎవరు?" అంది ఉమ.

"ఫిన్‌బార్. నేనే రమ్మన్నాను."

"నన్నడక్కుండానా?"

"నిన్నడిగితే రానిస్తావా?"

తలుపు తీసింది సీతారామారావే. గుమ్మం బయట ఫిన్‌బార్. అరవై ఆరేళ్ళ మనిషి, పొడుగ్గా, కాస్త ముందుకి వంగి, కారిడార్‌లో గొంతుక్కూర్చుని బూట్ల తాళ్ళు విప్పుకుంటున్నాడు. విప్పిన బూట్లను ఇంట్లోవాళ్ళ చెప్పుల వరసలో, ఆ వరస చెదరకుండా పెట్టాడు. లేవడానికి గోడ పట్టుకున్నాడు. ఎడమ చేతి వేళ్ళ కొసలు తీగలు నొక్కీ నొక్కీ కాయలు కాచి ఉన్నాయి. రెండో చేతిలో రంబుటాన్ పళ్ళ సంచీ.

ఆయనకు తెలుగు అంటే ఆ పాటలోని రెండు ముక్కలే. మాట్లాడేది ఇంగ్లీషు. ఇరవై రెండేళ్ళ సింగపూర్ కాపురం ఆ ఇంగ్లీషుని కూడా సగం ఇక్కడిదాన్ని చేసేసింది.

"భోంచేశారా?" అంది ఉమ ఇంగ్లీషులో, కటువుగా.

"ఇంకా లేదు," అన్నాడాయన.

మన ఇళ్ళల్లో కోపంగా అడిగిన ఆ ప్రశ్నకి ఎవరూ నిజం చెప్పరు. పాపం, ఆయన చెప్పేశాడు. ఇక చేసేదేముంది, ఉమ పప్పు మళ్ళీ వేడిచేసింది. బోర్లించిన కంచాలు తిరగేసి, నాలుగోది తెచ్చింది. పొద్దుటి నుంచీ కాలే కడుపులతో ఉన్న ఇల్లు, ఎవరి మీదైతే పోట్లాట జరుగుతోందో ఆ మనిషి పుణ్యాన అన్నానికి కూర్చుంది.

ఆయన చేత్తోనే కలుపుకున్నాడు. ఆవకాయ వేసుకుని కళ్ళు తుడుచుకుని మళ్ళీ వేసుకున్నాడు.

"ఫిన్‌బార్, వాటర్ కావాలా?" అంది కీర్తిక.

"పేరు పెట్టి పిలుస్తావేమే, నీ తాతంత మనిషిని? అంకుల్ అను."

"అమ్మా, బ్యాండ్‌లో అంకుల్ అంటే నవ్వుతారు లా."

సీతారామారావు మీసాల చాటున నవ్వాడు. ఉమ నవ్వలేదు. ఆఫీసులో ఉద్యోగానికి వచ్చినవాళ్ళను కూర్చోబెట్టి అడిగినట్టే అడిగింది. "ఇంతకీ మీరు ఇప్పటిదాకా ఏం పాడారు?"

"కోపం," అన్నాడాయన. "పంతొమ్మిదేళ్ళప్పుడు నలుగురం కలిసి మొదలుపెట్టాం. మాది సముద్రం ఒడ్డున చిన్న ఊరు. పంక్ వాళ్ళని, ఆ అరుపుల పాటలవాళ్ళని, అప్పటికే లోకం చూసేసింది. వాళ్ళు తలుపు తన్నారు. తలుపు తెరుచుకుంది. లోపల గది ఖాళీ. ఆ ఖాళీ గదిలో నిలబడి ఏం పాడాలో వెతుక్కున్నవాళ్ళం మేం. దానికి పోస్ట్ పంక్ అని పేరు పెట్టింది పత్రికలవాళ్ళు."

"ఎన్నాళ్ళు?"

"ఆరేళ్ళు. మూడు రికార్డులు. రెండోది బాగుంటుంది. అది నాకిప్పటికీ తెలుసు," అన్నాడు, గొప్పకి కాదు, పప్పులో ఉప్పు సరిపోయిందని చెప్పినట్టు. "తర్వాత ఒక్కణ్ణే ఒక రికార్డు చేశాను. ఎవరూ వినలేదు. అది కూడా బాగుంటుంది. ఆ తర్వాత పెళ్ళి, సింగపూర్, ఇంగ్లీషు పాఠాలు. ఇప్పుడు జకార్తాలో, మనీలాలో ఇరవై ఏళ్ళవాళ్ళు ఆ రెండో రికార్డు పాటలు వాయిస్తున్నారు. నన్ను పిలిచి మళ్ళీ పాడమన్నారు. పాడగలనా అని ఒక్కరోజు ఆలోచించాను. పాడగలను."

ఆ చివరి మాట అన్న తీరు ఉమకి నచ్చింది. నచ్చినందుకు తన మీద తనకే చిరాకేసింది.

"మరి మీకంత ఉండగా మా అమ్మ పాట ఎందుకు?"

ఆయన చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చున్నాడు.

"నేనొచ్చింది దాని గురించే. కీర్తిక నాకు రికార్డింగు ఇచ్చింది. మీ అమ్మగారు ఒక వరస పాడతారు. ఆగుతారు. తర్వాత బదులు పాడతారు. ఆ ఆగడం ఎంతో తెలుసా? నాలుగు దెబ్బలు." టేబుల్ మీద వేలితో కొట్టి చూపించాడు. ఒకటి. రెండు. మూడు. నాలుగు. "నలభై ఏళ్ళుగా పాటలు కడుతున్నాను. అలాంటి ఖాళీ నేనెన్నడూ కట్టలేకపోయాను. పాట కోసం కాదు, ఆ ఖాళీ కోసం అడిగాను మీ అమ్మాయిని."

"రికార్డులో ఆ ఖాళీ లేదే?"

"లేదు. స్టూడియో ఆయన కోసేశాడు. వినేవాళ్ళు పాట ఆగిపోయిందనుకుంటారన్నాడు. నేను సరేనన్నాను. అది నా తప్పు. శనివారం స్టేజీ మీద దాన్ని మళ్ళీ పెట్టాలి. కానీ ఆ నాలుగు దెబ్బలసేపు నేనెటు చూడాలో నాకు తెలియడంలేదు." ఆయన ఉమ ముఖంలోకి సూటిగా చూశాడు. "ఆవిడ ఎవరికోసం ఆగారు?"

కీర్తిక గబుక్కున లేచింది. "ఫిన్‌బార్, కాఫీ తాగుతారా? నాన్నా, కాఫీ పొడి ఉందా?"

"కూర్చో," అంది ఉమ.

కీర్తిక కూర్చుంది.

ఆరేళ్ళ కిందటి మాట. ఇదే హాలు. అమ్మ నేల మీద కాళ్ళు చాపుకుని తోటకూర తుంచుతోంది. కీర్తిక ఎదురుగా ఫోను పట్టుకుంది. ఉమ ఇదే టేబుల్ దగ్గర లాప్‌టాప్ ముందు, సిడ్నీవాళ్ళతో, లండన్‌వాళ్ళతో మీటింగులో ఉంది. అమ్మ ఎత్తుకుంది. అంత గొంతు, ఇంత ఫ్లాట్. ఉమ చప్పున మ్యూట్ నొక్కింది. తలెత్తి చూస్తే, అమ్మ తన వంకే చూస్తోంది. అందుకోమని కళ్ళతో అడుగుతోంది. ఎనిమిదో ఏట గట్టు మీద కూర్చోబెట్టి ఆ వంత నేర్పింది ఆవిడే మరి.

ఉమ పెదవుల మీద వేలు పెట్టింది.

అమ్మ ఇంకొంచెం ఆగింది. తర్వాత తోటకూర వైపు తల వంచుకుని, తన వంత తనే పాడుకుంది.

మరుసటి ఏడు ఆవిడ పోయింది. ఆ ఏడు ప్రపంచంలో విమానాలెగరలేదు. ఉమ ఆ చావుని కూడా లాప్‌టాప్‌లోనే చూసింది.

"నాకోసం," అంది ఉమ. ఇంగ్లీషులో మొదలుపెట్టిన మాట తెలుగులోకి జారిపోయింది. "నాకోసమే ఆగింది. నేనిక్కడే కూర్చుని ఉన్నాను. నోరు మూసుకోమని సైగ చేశాను. మీ పాట తప్పు కాదు. మా అమ్మని తోడు లేని మనిషిని చేసింది నేను."

కీర్తిక ఆ మాటల్ని ఇంగ్లీషులో చెప్పబోయింది. ఫిన్‌బార్ చెయ్యెత్తి వద్దన్నాడు.

"నీకు తెలుసు కదూ?" అంది ఉమ కూతురితో. "నువ్వు వీడియో తీశావు కదా."

"తెలుసు," అంది కీర్తిక చిన్నగా. "అందులో నీ వేలు కూడా ఉందమ్మా. అందుకే వీడియో ఎవరికీ ఇవ్వలేదు. గొంతు మట్టుకు తీసి ఇచ్చాను."

ఉమ కూతురి వంక చాలాసేపు చూసింది. ఆరేళ్ళు. ఒక్కసారి కూడా నోరు జారలేదు ఈ పిల్ల. గిటారు మోగించి ఇల్లంతా అదరగొట్టే ఈ పిల్ల.

ఫిన్‌బార్ రంబుటాన్ ఒకటి తీసి ఒలవడం మొదలుపెట్టి, పూర్తిగా ఒలవకుండానే పక్కన పెట్టాడు.

"శనివారం ఆ పాట పాడను," అన్నాడు చివరికి. "తొమ్మిది పాటలు చాలు."

ఉమ కోరుకున్నది అదే. పొద్దుటినుంచీ పోట్లాడింది దానికోసమే. తీరా ఆ మాట వచ్చేసరికి, అమ్మ మరోసారి తల వంచుకుని తోటకూర తుంచడం మొదలుపెట్టినట్టనిపించింది.

అప్పుడు మాట్లాడాడు సీతారామారావు. పొద్దుటినుంచీ అదే ఆయన మొదటి మాట.

"చాముండేశ్వరి పిన్నిగారిని అడుగుదాం."

చాముండేశ్వరి ఉమ తల్లి ముఠాలో మిగిలిన పెద్ద. డెబ్భై తొమ్మిదేళ్ళు. ప్రభావతి పక్కన నలభై ఏళ్ళు నారు కట్ట అందుకున్న మనిషి. ఆయన అడగడం, ఫోను మోగడం, ఆవిడ ముఖం తెరనిండా పరుచుకోవడం క్షణాల్లో జరిగిపోయాయి.

"ఏం అల్లుడుగారూ, ఇయ్యాల తీరికైందా?"

"ఆయ్, పిన్నిగారూ. ఉమ మాట్లాడుతుందట."

ఉమ చెప్పింది. పాట గురించి, రికార్డు గురించి, ఐర్లండ్ ఆయన గురించి. వేలు సంగతి కూడా మొదలుపెట్టింది.

"తెలుసులేవే," అంది చాముండేశ్వరి. "మీ అమ్మ ఊరొచ్చిన మర్నాడే చెప్పింది."

ఉమ ఫోను దగ్గరికి లాక్కుంది. "ఏమని?"

"నా కూతురు దొరల్తో మాటాడతందే, దాని నోటికి తాళం ఏసుకుని మరీ మాటాడతంది అని. నవ్విందిలే. మేమూ నవ్వాం. అంతా నవ్వాక మళ్ళీ అంది, ఏనాటికైనా అందుకుంటదిలే అని." ఆవిడ కళ్ళు చికిలించి తెరలోకి చూసింది. "ఆ ఎనకాల మంచెలాగున్నాడు, ఆయనేనా?"

ఫిన్‌బార్ తల వంచి నమస్కారం పెట్టాడు.

"ఆపొద్దని చెప్పు. మా ప్రభావతి పాట అంత దూరం పోయిందంటే దాని కాళ్ళతో అదే పోయింది. కానీ ఆయన ఎత్తకూడదు. మా ఊడ్పుల్లో మగాడు పాట ఎత్తాడంటే నారు కట్ట నెత్తిన పడేది. ఆయన్ని వంత పాడమను. ఎత్తాల్సింది నువ్వు."

"నేనా? నాకు వంతే వచ్చు పిన్నీ. ఎత్తడం అమ్మ నేర్పలేదు."

"ఎత్తడం ఎవరు నేర్పుతారే? ఏ చేలో దిగితే ఆ చేలోదే కట్టాలి. మీ అమ్మ ఒక చేలో పాడింది ఇంకో చేలో పాడిందా? ఆ నడుం పాట ఆవిడ నడుం నొప్పిది. నువ్వు నీది కట్టు. వంతంటావా, అది ఎక్కడైనా ఒకటే."

కీర్తిక ఈసారి ఇంగ్లీషులో చెప్పకుండా ఆగలేదు. అంతా విని ఫిన్‌బార్ కుర్చీలో వెనక్కి వాలాడు.

"నేను మొదటిసారి మైకు ముందు నిలబడి నలభై ఏడేళ్ళయింది. నన్ను వెనక నిలబడమన్నవాళ్ళు ఇంతవరకూ లేరు."

"కాంట్రాక్టులో ఆ పాట మీ గొంతుతోనే ఉండాలని రాశారు కదా," అంది కీర్తిక, భయం భయంగా. "డబ్లిన్‌లోని రికార్డు కంపెనీవాళ్ళు ఒప్పుకుంటారా?"

"నా పాట సంగతి నా ఇష్టం," అన్నాడాయన. మళ్ళీ అదే తీరు, ఉప్పు సరిపోయిందన్నట్టు. తర్వాత ఉమ వైపు తిరిగి, "కానీ నేను వెనక నిలబడాలంటే ముందు ఒక గొంతు ఉండాలి. అది ఉందో లేదో నాకు తెలియదు. ఉందా మీ దగ్గర?" అన్నాడు.

ఉద్యోగానికి వచ్చినవాళ్ళను అడిగినట్టే అడిగాడు. ఉమకి ఒక్కసారిగా నవ్వొచ్చింది. శుక్రవారం నుంచీ అదే మొదటి నవ్వు.

లేచి నిలబడింది. నిలబడితే సరిగ్గా లేదనిపించి, నేల మీద కూర్చుంది. అమ్మ కూర్చున్న చోటే. కాళ్ళు చాపుకుంది. కిటికీలోంచి కింద ఆట స్థలంలో పిల్లల అరుపులు, పై అంతస్తులో ఎవరిదో గరిటె చప్పుడు, దూరంగా రైలు. ఇదే చేను అనుకుంది. ఇంత చేను పెట్టుకుని ఇరవై ఆరేళ్ళుగా ఒక్క వరసైనా ఎత్తలేదు.

సీతారామారావు ఫోనుని నీళ్ళ సీసాకి ఆనించి నిలబెట్టాడు, చాముండేశ్వరికి కనబడేలా. వీధి తలుపు తీసే ఉంది. మూద్దామని కీర్తిక కదిలింది.

"ఉండనీ," అంది ఉమ. "విననీ."

గొంతు సవరించుకుంది. మొదటిసారి గాలి తప్ప ఏమీ రాలేదు. రెండోసారి ఎత్తింది. అమ్మ గొంతు కాదు. అంతకంటే బరువైంది, వాడక బొంగురుపోయింది, కానీ పదకొండో అంతస్తు కారిడార్ ఆ చివర్నుంచి ఈ చివరికి నిండింది.

*మబ్బెక్కి మేడెక్కి ఇంత దూరమొచ్చీ*
*నోరెత్తకుండా ఎన్నాళ్ళే వదినా...*

కీర్తిక వేళ్ళు చేతిలో లేని గిటారు మీద కదిలాయి. ఒకటి.

ఫిన్‌బార్ కళ్ళు మూసుకున్నాడు. రెండు.

ఫోనులో చాముండేశ్వరి నోరు తెరిచింది. తెర అక్కడే బిగుసుకుపోయింది. మూడు.

కారిడార్‌లో నడుస్తున్న ఎవరి అడుగులో వాళ్ళ గుమ్మం ముందు ఆగాయి. నాలుగు.

వంత ఉమ నాలిక చివరే ఉంది. ఎనిమిదో ఏటి నుంచీ ఉంది. పళ్ళు బిగించి, తలెత్తి, ఒక్కొక్క ముఖమే చూస్తూ ఆగింది. సాయంత్రమైనా సరే ఆగేలా ఉంది. తన వంత తను మాత్రం పాడుకోదు.